ఏడక్షరాల తంటా: ఇంగ్లీషు కీబోర్డు మీద జర్మన్ సబ్‌టైటిళ్లు

శ్రీకాళహస్తి కలంకారీ మీద తీసిన పద్నాలుగు నిమిషాల వీడియోకి తిరుపతిలో కూర్చుని జర్మన్ సబ్‌టైటిళ్లు ఎక్కించాను. అనువాదం జర్మన్ వచ్చినవాళ్లది. చేతిరాతలో ఉన్నదాన్ని టైపు కొట్టి, టైము కట్టి, ఫైలుగా ఇవ్వడం నా వంతు. మొత్తం 212 ముక్కలు. ఇంగ్లీషులో లేని అక్షరాలు జర్మన్‌లో ఏడే ఏడు: ఏ, ఓ, యూల నెత్తిన రెండేసి చుక్కలు పెట్టినవి చిన్నబడిలో మూడు, పెద్దబడిలో మూడు, ఆపైన ‘స’ అని పలికే ఎస్‌త్సెట్ ఒకటి. పెద్దబడి ఎస్‌త్సెట్ కూడా ఉందిగానీ దాని సంగతి తర్వాత. ఏడుకొండలవాడి ఊళ్లో ఏడక్షరాలు ఒక లెక్కా అనిపిస్తుంది. కీ నొక్కడం నిజంగానే లెక్క కాదు. నొక్కిన అక్షరం చూసేవాడి తెర దాకా చెడకుండా చేరడమే అసలు పని.

ముందుగా ఒక మాట. ఆ చుక్కలు అలంకారం కాదు, మన దీర్ఘం లాంటివి. పీకేస్తే మాట మారిపోతుంది. ‘డ్రుకెన్’ అంటే అచ్చు వేయడం, యూ మీద చుక్కలు పెడితే ‘డ్ర్యుకెన్’, అంటే నొక్కడం. కలంకారీ వీడియోలో ఈ రెండూ పక్కపక్కనే వస్తాయి. మచిలీపట్నంలో అచ్చులు, కాళహస్తిలో కలం అని చెప్పేచోట తేడా పడితే వాక్యమే తప్పు. ‘షోన్’ అంటే అప్పుడే, ఓ మీద చుక్కలతో ‘ష్యోన్’ అంటే అందమైన. ‘టోఖ్టర్’ ఒక కూతురు, చుక్కలు పెడితే కూతుళ్లు. ఉక్కపోతగా ఉందని చెప్పే ‘ష్వ్యూల్’ లో చుక్కలు పోతే స్వలింగ ప్రేమికుడు అనే అర్థం వస్తుంది. జర్మన్లు చదివి నవ్వుకునేది ఇలాంటివి చూసే.

అందరూ మొదట చెప్పేది ఆల్ట్ కోడు. ఎడమ ఆల్ట్ నొక్కిపట్టి కుడివైపు నంబర్ ప్యాడ్ మీద 0228 కొట్టి వదిలితే చిన్నబడి చుక్కల ఏ పడుతుంది. ఓకి 0246, యూకి 0252, ఎస్‌త్సెట్‌కి 0223. పెద్దబడికి వరసగా 0196, 0214, 0220. ముందున్న సున్నాని మింగేయకూడదు. సున్నాతో కొడితే విండోస్ తన కోడ్‌పేజీ (ఏ అంకెకి ఏ అక్షరమో చెప్పే పట్టిక) చూస్తుంది, సున్నా లేకపోతే పాత డాస్ కోడ్‌పేజీ చూస్తుంది. ఆ పాత లెక్కలో ఇవే అక్షరాలు 132, 148, 129, 225. రెండు పట్టికలూ కలిపి గుర్తుపెట్టుకుని 228 అని కొట్టినవాళ్లకి ఇంకేదో గుర్తు పడుతుంది. పైగా నంబర్ ప్యాడ్ లేని చిన్న ల్యాప్‌టాప్‌లో ఇది కుదరదు. అక్షరాల పైనున్న అంకెల వరస ఈ పనికి ఒప్పుకోదు. నా 212 ముక్కల్లో ఈ అక్షరాలు రెండువందల పైచిలుకు చోట్ల వచ్చాయి. ఒక్కోదానికి ఐదు కీలంటే వెయ్యి దెబ్బలు దండగ. నాలుగు పదాల పోస్టర్‌కి ఆల్ట్ కోడు చాలు, సబ్‌టైటిళ్లకి వద్దు.

రెండోది, విండోస్‌లో జర్మన్ కీబోర్డునే పెట్టేసుకోవడం. కంప్యూటర్ షాపువాళ్లు చెప్పే సలహా ఇదే. జర్మన్ వరసలో కుండలీకరణం కీ చుక్కల యూ అవుతుంది, సెమీకోలన్ చుక్కల ఓ, దాని పక్క కొటేషన్ కీ చుక్కల ఏ, సున్నా పక్కనున్న అడ్డగీత ఎస్‌త్సెట్. వినడానికి బాగానే ఉంటుంది. అయితే వై, జెడ్ తారుమారవుతాయి. తప్పు పడిందని కంట్రోల్ జెడ్ నొక్కితే అది కంట్రోల్ వై అవుతుంది. వెనక్కి తీసుకోవాల్సింది తిరిగి ముందుకు పోతుంది. వేళ్లకి అలవాటయ్యే లోపు ఇది చాలాసార్లు జరుగుతుంది.

దానికంటే పెద్ద అడ్డంకి ఒకటుంది, దీన్ని ముందే ఎవరూ చెప్పరు. జర్మనీలో అమ్మే కీబోర్డులో ఎడమ షిఫ్టుకీ దాని పక్క అక్షరానికీ మధ్యన ఒక కీ ఎక్కువ ఉంటుంది. ‘కంటే చిన్న’, ‘కంటే పెద్ద’ గుర్తులు అక్కడే. మన దగ్గర దొరికే ల్యాప్‌టాప్‌లు చాలావరకు అమెరికా వరసవి, వాటిలో ఆ కీయే లేదు. అంటే జర్మన్ వరస పెట్టుకున్నాక బాణం గుర్తు కొట్టడానికి చోటే లేదు. సబ్‌టైటిల్ ఫైల్లో మొదలు టైముకీ ముగింపు టైముకీ మధ్య రెండు అడ్డగీతలు, ఒక ‘కంటే పెద్ద’ గుర్తు ఉండాలి. వాలు అక్షరాల ట్యాగుకీ ఆ గుర్తులే కావాలి. నోట్‌ప్యాడ్‌లో చేత్తో ఫైలు రాసేవాడికి ఇక్కడే బండి ఆగిపోతుంది. పక్కన ఇంగ్లీషు వరస కూడా ఉంచుకుని విండోస్ కీ, స్పేసు నొక్కుతూ అటూ ఇటూ మారొచ్చుగానీ, ఏ వరసలో ఉన్నామో మరిచిపోవడం మామూలే.

నేను చివరికి స్థిరపడింది యునైటెడ్ స్టేట్స్ ఇంటర్నేషనల్ అనే వరస మీద. విండోస్‌తోనే వస్తుంది, దించుకోవాల్సింది ఏమీ లేదు. విండోస్ 11లో సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్, లాంగ్వేజ్ అండ్ రీజియన్‌లోకి వెళ్లి, ఇంగ్లీష్ ఇండియా పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, యాడ్ ఎ కీబోర్డ్ దగ్గర దీన్ని ఎంచుకోవాలి. అక్షరాలన్నీ ఇంగ్లీషు చోట్లలోనే ఉంటాయి. కుడి ఆల్ట్ పట్టుకుని క్యూ నొక్కితే చుక్కల ఏ, పీ నొక్కితే చుక్కల ఓ, వై నొక్కితే చుక్కల యూ, ఎస్ నొక్కితే ఎస్‌త్సెట్. షిఫ్టు కలిపితే మొదటి మూడూ పెద్దబడిలో వస్తాయి. జర్మన్‌లో ప్రతి నామవాచకమూ పెద్దబడితోనే మొదలవుతుంది కాబట్టి అవీ తరచూ కావాలి. కుడి ఆల్ట్ చెడిపోయిన కీబోర్డులో కంట్రోల్, ఎడమ ఆల్ట్ కలిపి పట్టినా సరిపోతుంది. కాకపోతే కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఆ జంటని తమ షార్ట్‌కట్‌గా మింగేస్తాయి.

ఇందులోనూ మూడు గోతులున్నాయి.

మొదటిది: వేలు సహజంగా ఏ, ఓ, యూ కీల మీదికే పోతుంది. కుడి ఆల్ట్‌తో వాటిని నొక్కితే అక్షరం పడుతుందిగానీ, నెత్తిన రెండు చుక్కలు కాదు, ఒక వాలు గీత. తెర మీద చిన్న సైజులో రెండూ ఒకేలా కనబడతాయి. నా మొదటి యాభై ముక్కల్లో ఇలాంటివి పదకొండు దొరికాయి. పని అయ్యాక వాలు గీత ఉన్న ఏ, ఓ, యూలని ఒక్కోదాన్ని ఫైండ్ పెట్టి వెతకాల్సిందే.

రెండోది: ఈ వరసలో షిఫ్టుతో కొట్టే జంట కొటేషన్ ఆగి చూసే కీ. అది నొక్కగానే ఏమీ పడదు, తర్వాత వచ్చే అక్షరం కోసం కాచుకుంటుంది. వెనకాల ఏ వస్తే చుక్కల ఏ చేసేస్తుంది. అంటే కుడి ఆల్ట్ లేకుండా, కొటేషన్ కొట్టి అచ్చు కొట్టినా చుక్కలొస్తాయి. సుఖమే. కానీ ఎవరో మాట్లాడిన మాటని కొటేషన్‌లో పెట్టేటప్పుడు ఆ మాట అచ్చుతో మొదలైతే కొటేషన్ మాయమై అక్షరం మీద చుక్కలు మొలుస్తాయి. ‘ఉండ్’ అంటే ‘మరియు’. కొటేషన్ పెట్టి ఆ మాట మొదలుపెడితే జర్మన్‌లో లేని ‘య్యుండ్’ తయారవుతుంది. కొటేషన్ తర్వాత ఒకసారి స్పేసు నొక్కితే కొటేషన్ ఒంటరిగా పడుతుంది, ఆ స్పేసు పడదు. ఆ తర్వాత అక్షరం కొట్టాలి.

మూడోది: షిఫ్టు, కుడి ఆల్ట్, ఎస్ మూడూ నొక్కితే పెద్దబడి ఎస్‌త్సెట్ వస్తుందనుకుంటాం. రాదు, చట్టం పుస్తకాల్లో సెక్షన్‌కి వేసే గుర్తు వస్తుంది. పెద్దబడి ఎస్‌త్సెట్ 2008లో అన్ని భాషల అక్షరాలకీ సంఖ్యలిచ్చే యూనికోడ్ పట్టికలో చేరింది, జర్మన్ వర్ణక్రమం దాన్ని అధికారికంగా ఒప్పుకున్నది 2017లో. అంతా పెద్దబడిలో ఉండే టైటిల్ కార్డులో దాని బదులు రెండు ఎస్‌లు వేస్తే తప్పేమీ కాదు. ఆ అక్షరం లేని ఫాంట్లు ఇంకా ఉన్నాయి కాబట్టి నేను రెండు ఎస్‌లే వేశాను.

మాక్‌లో అయితే ఆప్షన్ పట్టి యూ నొక్కి వదిలి, తర్వాత కావలసిన అచ్చు కొట్టాలి. ఎస్‌త్సెట్‌కి ఆప్షన్, ఎస్. ఫోన్లో అక్షరాన్ని నొక్కిపట్టుకుంటే వరస తెరుచుకుంటుంది. ఎస్‌త్సెట్ దొరక్క గ్రీకు బీటాని వేసేవాళ్లున్నారు, చూడ్డానికి కవలలే. కానీ స్పెల్‌చెక్ ఒప్పుకోదు, వెతికితే మాట దొరకదు, ఫాంటు మారితే తోక కిందికి వేలాడి దొంగ పట్టుబడుతుంది.

అక్షరం దొరకనప్పుడు జర్మన్లే వాడే ప్రత్యామ్నాయం ఒకటుంది: చుక్కల బదులు పక్కన ఇంగ్లీషు ‘ఈ’ చేర్చడం, ఎస్‌త్సెట్ బదులు రెండు ఎస్‌లు. ఈమెయిల్ చిరునామాల్లో చెల్లుతుంది, తెర మీద ఎబ్బెట్టుగా ఉంటుంది. ముందు అలా కొట్టేసి, చివర్లో ఒకేసారి రీప్లేస్ ఆల్ కొడదామనే ఆలోచన ఎవరికైనా వస్తుంది. దాన్ని మాత్రం చేయకండి. ‘నోయె’ అంటే కొత్త. ఆ మాటలో యూ, ఈ పక్కపక్కనే ఉంటాయి, అవి చుక్కలకి బదులు కాదు. ‘అక్టుఎల్’ లోనూ అంతే. రీప్లేస్ ఆల్ రెండింటినీ నుజ్జు చేస్తుంది. గ్యోటే పేరులో ఓ, ఈ విడివిడిగానే రాస్తారు, అక్కడ చుక్కలు పెడితే మహాకవి పేరే తప్పు. రెండు ఎస్‌లన్నింటినీ ఎస్‌త్సెట్ చేస్తే ఇంకా ఘోరం. ‘ఇన్ మాసెన్’ అంటే మితంగా, ‘ఇన్ మస్సెన్’ అంటే గుంపులు గుంపులుగా. రాతలో తేడా ఆ ఒక్క అక్షరమే.

ఎస్‌త్సెట్ ఎక్కడ, రెండు ఎస్‌లు ఎక్కడ అనేది టైపు కొట్టేవాడికీ తెలిస్తే చేతిరాతలో అనుమానం తీరుతుంది. 1996 సంస్కరణ తర్వాత సూత్రం తేలికైంది: దీర్ఘాచ్చు తర్వాతా, ‘ఐ’, ‘ఔ’ లాంటి జంట అచ్చుల తర్వాతా ఎస్‌త్సెట్, హ్రస్వం తర్వాత రెండు ఎస్‌లు. తెలుపుకి ‘వైస్’, కాబట్టి ఎస్‌త్సెట్. కొలతకి ‘గ్ర్యోసె’, దీర్ఘం, ఎస్‌త్సెట్. స్వర్ణముఖిలో గుడ్డ ఉతికే సన్నివేశంలో వచ్చే నదికి ‘ఫ్లుస్’, హ్రస్వం, రెండు ఎస్‌లు. పాత పుస్తకాల్లో అదే నది ఎస్‌త్సెట్‌తో కనిపిస్తుంది. పాత నిఘంటువు చూసి కొట్టేవాళ్లు దొరికిపోయేది ఇక్కడే. స్విట్జర్లాండ్‌వాళ్లు మాత్రం ఎస్‌త్సెట్‌ని వాడనే వాడరు, వాళ్ల కోసమైతే అన్నిచోట్లా రెండు ఎస్‌లే.

ఇక ఫైలు. సబ్‌టైటిల్ ఫైలు ఉత్త టెక్స్ట్, అందులో ఫాంటు ఉండదు, సంఖ్యలే ఉంటాయి. ఆ సంఖ్యలని ఫైల్లో రాసే పద్ధతే ఎన్‌కోడింగ్. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఈ అక్షరాలు ఒక్కోటీ రెండు బైట్లు, పాత ఆన్సీ పద్ధతిలో ఒకటే బైటు. రాసినవాడు ఒకలా, చదివేవాడు ఇంకోలా అనుకుంటే గజిబిజి. యూటీఎఫ్-8 ఫైలుని ఆన్సీ అనుకుని చదివితే ఒక్కో అక్షరానికి రెండేసి గుర్తులు పడతాయి: ముందు నెత్తిన అల గీత ఉన్న పెద్ద ఏ, దాని పక్కన చుక్కల యూ అయితే పావు భిన్నం, చుక్కల ఓ అయితే పేరా గుర్తు. కలంకారీ గుడ్డని నానబెట్టే గేదెపాలకి జర్మన్ మాట ‘బ్యుఫెల్‌మిల్ష్’. మొదటిసారి తెర మీద అది పావు గుర్తుతో వచ్చింది. పావు లీటరు పాలేమో అనుకోవాలి. తెలుగు ఫైళ్లు ఇలా చెడిపోతే వాలు గీత ఏ, పక్కన డిగ్రీ గుర్తు వరసలు వరసలుగా వస్తాయి, చాలామంది చూసే ఉంటారు. రోగం అదే, మందూ అదే.

దీనికి తిరగేసినది: ఆన్సీ ఫైలుని యూటీఎఫ్-8 అనుకుని చదివితే నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం కనిపిస్తుంది. ఈ రెండు రకాల్లోనూ అక్షరం పోలేదు, చదవడమే తప్పు. కంగారుపడి సేవ్ కొట్టకూడదు. కానీ డైమండ్ లేకుండా ఉత్త ప్రశ్నార్థకాలే ఉంటే, సేవ్ చేసినప్పుడే అక్షరం చచ్చిపోయింది, తిరిగి టైపు కొట్టుకోవాల్సిందే. ఒకే ఫైల్లో పైన జర్మన్, కింద తెలుగు పెట్టి ఆన్సీలో సేవ్ చేస్తే సరిగ్గా ఇదే జరుగుతుంది. జర్మన్ బతుకుతుంది, తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది.

నోట్‌ప్యాడ్ 2019 నాటి విండోస్ 10 అప్‌డేట్ నుంచి యూటీఎఫ్-8లోనే సేవ్ చేస్తోంది. అంతకు ముందరి మిషన్లయితే సేవ్ యాజ్‌లో కింద ఎన్‌కోడింగ్ పెట్టె చూసి మార్చుకోవాలి. అనువాదం ఎక్సెల్‌లో వస్తే మామూలు సీఎస్‌వీ కాకుండా సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని ఉన్నదాన్నే ఎంచుకోవాలి. చెడిపోయిన ఫైలుని బాగుచేయడానికి నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ మంచిది. దాని ఎన్‌కోడింగ్ మెనూలో పైనున్న పేర్లు ‘ఇలా చదువు’ అని, కిందనున్న కన్వర్ట్ పేర్లు ‘ఇలా మార్చి రాయి’ అని అర్థం. ఈ తేడా తెలియక రెండూ కలిపి నొక్కితే గజిబిజి రెండింతలవుతుంది. గజిబిజినే సేవ్ చేసేసిన ఫైలైతే ముందు కన్వర్ట్ టు ఆన్సీ, ఆపైన పైవరసలో యూటీఎఫ్-8 నొక్కితే ఏడక్షరాలూ వెనక్కి వస్తాయి.

యూట్యూబ్‌కి యూటీఎఫ్-8 ఇస్తే చాలు. వెబ్ వీటీటీ అనే ఇంకో రకం సబ్‌టైటిల్ ఫైలైతే ఆ ఎన్‌కోడింగ్ తప్పనిసరి, టైములో మిల్లీసెకన్ల ముందు కామా బదులు చుక్క పెట్టాలి. వీఎల్‌సీలో గజిబిజి వస్తే ప్రిఫరెన్సెస్‌లో సబ్‌టైటిల్స్ పేజీ తెరిచి డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ మార్చాలి. వీడియోలోనే అక్షరాలు అచ్చువేయడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్ వాడితే, ఆన్సీ ఫైలు ఇచ్చినప్పుడు అది యూటీఎఫ్-8 కాదని మొహం మీదే చెబుతుంది. పెన్‌డ్రైవ్ పెట్టి టీవీలో చూపించేటప్పుడు మాత్రం ఏ టీవీకి ఏది నచ్చుతుందో చెప్పలేం, అందుకని బీఓఎం (ఫైలు మొదట్లో ఎన్‌కోడింగ్ తెలిపే గుర్తు) ఉన్నదొకటి, లేనిదొకటి పెట్టుకుని వెళ్లాను.

ఫాంటు సంగతికి ఒక డీటీపీ షాపు చాలు. టైటిల్ కార్డు అక్కడ వేయిస్తుంటే ఆపరేటర్ చుక్కల యూ కొట్టాడు, తెర మీద తెలుగు ఒత్తులాంటి ముక్క పడింది. “ఇదేంది సామీ, జర్మనీ కొడితే తెలుగు పడతాండాదే?” అన్నాడు. కారణం సులువే. అను లాంటి పాత తెలుగు ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లీషు, యూరప్ అక్షరాల గళ్లలోనే తెలుగు ముక్కలు కూర్చోబెట్టినవి. 252వ గడి జర్మన్‌కి చుక్కల యూ, ఆ ఫాంట్‌లో మన అక్షరపు ముక్క. ఫాంటు మార్చగానే అక్షరం సరిగ్గా వచ్చింది. తెలుగు టైపింగ్ కోసం వెనక నడిచే కీబోర్డు మేనేజర్‌ని కూడా ఆపేయాలి, లేకపోతే కుడి ఆల్ట్‌ని అదే పట్టేసుకోవచ్చు.

ఇంకో సూక్ష్మం. మాక్ నుంచి వచ్చిన కొన్ని ఫైళ్లలోనూ, కొన్ని పీడీఎఫ్‌ల నుంచి కాపీ చేసిన వాటిలోనూ చుక్కల ఏ ఒకే అక్షరంగా ఉండదు. ఏ వేరు, దాని మీద చుక్కలు వేరు, మన క మీద గుడి లాగా. కంటికి తేడా తెలియదు. బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కి చూడండి: అక్షరం మొత్తం పోతే సరే, చుక్కలు మాత్రమే రాలి ఏ మిగిలితే విడి అక్షరమే. వదిలేస్తే కొన్ని ప్లేయర్లలో చుక్కలు పక్క అక్షరం నెత్తికి జరుగుతాయి, అక్షరాల లెక్కా పెరుగుతుంది. ఆరింటినీ ఒక్కోటిగా ఫైండ్‌లో పెట్టి కలిపిన అక్షరంతో మార్చేస్తే సరి. ఈ రీప్లేస్ ఆల్‌కి భయం లేదు.

లెక్క అంటే వరసకి 42 అక్షరాలు, స్పేసులతో కలిపి, రెండే వరసలు. జర్మన్‌లో వేగ పరిమితికి ఒకే మాట, ‘గెష్విండిగ్‌కైట్స్‌బెగ్రెంజుంగ్’, అందులోనే 26 అక్షరాలు. మాట మధ్యలో విరవకుండా, మాటని కిందికి దించాలి. అంకెల్లో కామా, చుక్క తారుమారు: అలిపిరి 3,550 మెట్లు జర్మన్ సబ్‌టైటిల్లో 3.550 అవుతాయి. రెండున్నర గంటలు 2,5. మన లక్షకి రెండంకెల తర్వాత వేసే కామా అక్కడ అర్థం కాదు, 100.000 అని రాయాలి. కొటేషన్లు కూడా వేరే: తెరిచేది కింద వరస మీద ఉంటుంది, కోడు 0132. మూసేది పైన, 0147, మనం ఇంగ్లీషులో తెరవడానికి వాడేదే. 0148తో మూస్తే ఇంగ్లీషు వాసన. ఉత్త నిలువు కొటేషన్ చాలంటే అదే వేయండి, కానీ 212 ముక్కల్లోనూ ఒకేలా ఉండాలి.

అప్పగించే ముందు సబ్‌టైటిల్ ఎడిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో జర్మన్ నిఘంటువు దించుకుని స్పెల్‌చెక్ నడిపాను. వాలు గీతలూ, సెక్షన్ గుర్తూ, బీటా దానికే చాలావరకు దొరుకుతాయి. ‘డ్రుకెన్’, ‘డ్ర్యుకెన్’ రెండూ సరైన మాటలే కాబట్టి ఆ జంటలు దొరకవు, చేతిరాత పక్కన పెట్టుకుని కళ్లతో చూడాలి. ఫైలు పేరులో మాత్రం చుక్కల అక్షరం పెట్టలేదు. వీడియో పేరే ఉంచి, చివర చుక్క పెట్టి జర్మన్‌కి గుర్తుగా డీఈ చేర్చాను. ఆ పేరుంటే వీఎల్‌సీ సబ్‌టైటిళ్లని తనంతట తానే తెరుస్తుంది.